వజ్రమ్మ తలలో ఉన్న దుకాణం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికైనా సలహా ఇచ్చే అర్హత ఉందంటే అది నాకే. డిగ్రీ రెండో ఏడు కాలేజీ మానేశాను. నేను మానేసిన మూడేళ్లకు ఆ కాలేజీ మూతపడింది. కారణం నేనేనని అనను, కాదని కూడా అనను. బస్సు డిపో వెనక సందులో పన్నెండేళ్లుగా ఫ్లెక్సీలు ప్రింటు చేస్తున్నాను. కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ఫ్లెక్సీలన్నీ నా దగ్గరే పుట్టాయి. అంటే డిగ్రీ పూర్తి చేయని నా చేతుల మీదుగా ఇప్పటికి నాలుగు వేల మంది ఆఫీసర్లయ్యారు.

ఇంతటివాణ్ని నేను పక్కనే ఉండగా, గోడకు గోడ ఆనుకుని ఉన్న చీరల కొట్టు నర్సింహులు, నేను కాక అని పిలిచే బాబాయి వరస మనిషి, డబ్బిచ్చి సలహాదారును పెట్టుకోవాలా వద్దా అని నెల రోజులు తల పట్టుకున్నాడు. ఇది ఆ నెల సంగతి. కాక ఎవరో చెబితే తప్ప ఆ నెల మీకు అర్థం కాదు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నర్సింహులుది పోచంపల్లి అవతల ఊరు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు. మగ్గం మీద ఇల్లు గడవని రోజుల్లో, వాడకట్టులో వాళ్లు నేసిన చీరలన్నీ మూట కట్టి మోపెడ్ మీద వేసుకుని పట్నం వచ్చాడు. వనస్థలిపురం కాలనీల్లో ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. ఆ మూట ఎంత ఎత్తుండేదంటే, హయత్‌నగర్‌లో దాని మీద వాలిన కాకి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో గానీ దిగేది కాదు. నేను అప్పుడు నాలుగో తరగతి, కళ్లతో చూడలేదు. కానీ కాకి సంగతి నిజం.

అట్లా ఏడేళ్లు తిరిగి, ఈ సందులో కొట్టు పెట్టాడు. భార్య వజ్రమ్మ పేరు కలిపి 'వజ్రా హ్యాండ్లూమ్స్' అని బోర్డు రాయించాడు. బోర్డు ఫ్లెక్సీ కాదు, రేకు. అందులో నాకొక మనస్తాపం ఉంది, అది వేరే కథ.

ఏ కొట్టులోనైనా చీరలను రంగును బట్టో ధరను బట్టో సర్దుతారు. కాక కొట్టులో ఊరు సర్ది ఉండేది. గుమ్మం దాటగానే ఎడమ చేతి వైపు మొదటి అర, మగ్గాల వాడలో మొదటి ఇల్లు. దాని పక్క అర, దాని పక్కింటిది. గోడ మూల తిరిగిందంటే వాడ మూల తిరిగినట్టే. ఏ ఇంట్లో నేసిన చీర ఆ ఇంటి అరలోనే ఉండాలి. మోపెడ్ రోజుల్లో ఏ ఇంటి చీరలు ఆ ఇంటివి వేరువేరు మూటలు కట్టుకొచ్చేవాడు, ఎవరి చీర పోయిందో ఎవరిది మిగిలిందో సాయంత్రం వెళ్లి చెప్పాలి కదా. ఆ మూటలే తర్వాత గోడలెక్కి అరలయ్యాయి.

ఆ వాడలో సత్తయ్య, భిక్షపతి అని అన్నదమ్ములు ఉన్నారు. ఒక పిట్టగోడ దగ్గర మాటా మాటా పెరిగి ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ఊళ్లో వాళ్ల ఇళ్లు ఆనుకునే ఉన్నాయి. కొట్టులో మాత్రం కాక వాళ్లిద్దరి అరల మధ్య లుంగీల అర ఒకటి పెట్టాడు. చీరలు కొట్లాడుకుంటాయని కాబోలు.

ఇక గిరాకీ వచ్చి "ఆకుపచ్చ మీద ఎర్రంచు చూపించండి" అన్నదనుకోండి. కాక కళ్లు మూసుకుని ఊరంతా తిరిగి రావాలి. వజ్రమ్మ చిన్నమ్మకు ఆ అవసరం లేదు. "కిష్టయ్య ఇంట్ల, కింది నుంచి నాలుగోది" అనేది కూర్చున్న చోటు నుంచే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి షట్టర్ సగం దించి ఉన్నప్పుడు, చీకట్లో తడిమి నీలం చీర బయటికి తీసింది. చేత్తో రంగు ఎట్లా తెలుస్తుందని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను.

"నీలం జర చల్లగుంటది బిడ్డా" అంది.

దుకాణం నడిచింది గోడల మీద కాదు, ఆ తలకాయలో. పనికి వచ్చిన ఆడపిల్లలు ఎవరూ నిలవకపోవడానికి కారణం అదే. రెండేళ్లలో ఆరుగురు మారారు. ఆఖరు పిల్ల పొద్దున పదింటికి చేరి, ఒంటిగంటకు డబ్బా పట్టుకుని తినడానికి బయటికెళ్లింది. ఇంకా తింటూనే ఉన్నట్టుంది.

ఈ ఏడు జ్యేష్ఠంలో చిన్నమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆర్నెల్లు ఎక్కువసేపు నిలబడొద్దు, మెట్లు ఎక్కొద్దు అన్నాడు డాక్టరు. ఆమె అల్మాస్‌గూడ ఇంట్లో మంచం మీద, కాక ఇక్కడ కొట్టులో. మధ్యలో ఫోను.

"ఓ వజ్రా, ఏనుగులున్న పసుపుపచ్చ చీర ఏ ఇంట్లున్నది?"

"ఏనుగులు ఎటు దిక్కు చూస్తున్నయ్?"

"ఎటు చూస్తే ఏంది?"

"కుడి దిక్కు చూస్తే సత్తయ్య ఇల్లు. ఎడమ దిక్కు చూస్తే ఆండాళమ్మ ఇల్లు."

కాక ఫోను చెవికి పెట్టుకునే వెనక్కి తిరిగి, "అమ్మా, మీకు ఏనుగులు ఎటు చూడాలె?" అని అడిగేవాడు. అప్పటికి ఆ అమ్మ మెట్రో మెట్లు ఎక్కుతూ ఉండేది.

ఆషాఢం వచ్చేసరికి గిరాకీ సగమైంది. వాళ్ల కూతురు ప్రసన్న ఎల్‌బీ నగర్‌లో ఒక బీమా ఆఫీసులో పనిచేస్తుంది. ఒక శనివారం ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకు వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"బాపూ, దసరాకు కిరాయి కాగితం మల్ల రాయాలె. శ్రావణమాసం గూడ గిట్లనే పోతే ఏం జూసి రాస్తవ్? మూసుడే ఇగ."

"మూసుడు అంటే ఏమనుకుంటున్నవ్ బిడ్డా? నలభై మగ్గాలున్నయ్ దీని ఎనక."

"గందుకే చెప్తున్న. తెలిసినోళ్లను ఎవరినన్న పెట్టుకో. సలహా చెప్పేటోళ్లు ఉంటరు, గదే పని మీద."

నేను గోడ ఇవతల నుంచి అంతా విన్నాను. గోడ పలచన, అది నా తప్పు కాదు. వెంటనే వెళ్లి, "సలహాకు పైసలెందుకు కాకా? నేను లేనా?" అన్నాను. నా మాట మీద కాకకు ఎంత నమ్మకమంటే, ఆదివారం బోనాలకు పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "దుమ్ము దులుపుమని ఇచ్చిన" అని తర్వాత అన్నాడు గానీ, మనం పెద్దగా ఆలోచించేవాళ్లం.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఒక్కణ్ని ఆరువందల చీరలను రంగులవారీగా సర్దాను. కొట్టు ఇంద్రధనుస్సులా ఉంది. ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు ఇది చూసి ఒక చుట్టు ఎక్కువ కొట్టి ఉంటాయి.

సోమవారం కాక వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ తర్వాత రెండు రోజులు తన కొట్టులో తనే దారి తప్పిన మనిషిలా తిరిగాడు. ఫోనులో చిన్నమ్మ "ఆండాళమ్మ ఇంట్ల చూడు" అంటే, ఆండాళమ్మ ఇల్లే లేదు. బుధవారం సత్తయ్య కొత్త చీరల మూటతో వచ్చాడు. ఎరుపు వరసలో తన చీర మీద తమ్ముడి చీర ఎక్కి కూర్చుని ఉండటం చూశాడు.

"నర్సింహులూ, గిదేంది?"

"గిది నేను జెయ్యలేదే. గీ రాజుగాడు..."

"నీ కొట్టుల నా చీరకు ఇల్లు లేకుంటయింది. పోతున్న." మూట విప్పకుండానే భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

కాక నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఫికర్ చెయ్యకురా" అని నిచ్చెన వేసుకుని మళ్లీ ఊరు కట్టడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ వీడియో కాల్‌లో ఒక్కో చీర చూసి ఇంటి పేరు చెబుతుంటే మూడు రోజులు పట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

అట్లా, సలహాదారు అంటేనే కాకకు ఒళ్లు మండే స్థితిలో ఉండగా ప్రసన్న బిందుమాధవిని తీసుకొచ్చింది. ఈ బిందుమాధవి వాళ్లది రాజమండ్రి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం. తల్లి సీతామహాలక్ష్మి గారు మోపెడ్ కాలం నుంచీ కాక దగ్గరే చీరలు కొంటున్నారు. బిందుమాధవి ఎంబీఏ చదివి, చిన్న చిన్న దుకాణాలు ఎక్కడ చిక్కుకుంటున్నాయో చూసి సరిచేసే పని పెట్టుకుంది. ఆమె చెప్పిన ఫీజు ఆ కొట్టుకు రెండు నెలల కిరాయంత.

"నువ్వు నాకు మంచినీళ్లిచ్చిన ఇంటి పిల్లవు. లేదనలేను, అవుననలేను" అన్నాడు కాక.

"మొహమాటం వద్దండీ నర్సింహులు గారూ. మా అమ్మ సంగతి పక్కనపెట్టండి. నేనొచ్చి కొట్టంతా తిరగేసేస్తానని భయంగా ఉందాండీ?"

"భయం గాదమ్మా. మొన్న గీడు తిరగేసిండు. నా కొట్టుల నేనే గిరాకీ లెక్క తిరిగిన."

ఆమె నన్ను చూసింది. నేను ఊరుకునే రకం కాదు. "మేడం, మీది ఎంబీఏ, నాది సగం డిగ్రీ. లెక్క ప్రకారం మీ ఫీజుల మూడో వంతన్న నాకు రావాలె. నేను చాయ్ గూడ తాగకుండ చేసిన" అన్నాను.

"ఉత్తగ చేసినవు గాబట్టే అడగకుండ చేసినవ్" అంది ప్రసన్న. "పైసలు తీసుకునేటోళ్లు ముందుగాల అడుగుతరు."

కాక గల్లాపెట్టె మీద గోళ్లతో కొట్టుకుంటూ ఆలోచించాడు. "అమ్మా, మా దిక్కు కొత్తగ మగ్గం మీద కూసున్నోనికి ముందుగాల చీర ఇయ్యరు. తువ్వాల నెయ్యమంటరు. తువ్వాల అంచు వంకర పోకుంటే అప్పుడు చీర. నీకు గూడ తువ్వాలనే ఇస్త. ఒక్క అర. గది చూసినంక మాట్లాడుకుందాం."

"మరి తువ్వాలకి డబ్బులిస్తారాండీ?" అంది ఆమె నవ్వకుండానే.

"తువ్వాలకు తువ్వాల పైసలు."

"సరేనండి. ఏ అర?"

కాక చాలాసేపు చూసి కిష్టయ్య అర చూపించాడు. కిష్టయ్య నెమ్మదస్తుడు, ఎవరితోనూ గొడవ లేదు.

మొదటి రోజు ఆమె కొట్టుకే రాలేదు. "చూసినవా కాకా, తువ్వాల పైసలు తీసుకోని పోయింది" అన్నాను. సాయంత్రానికి తెలిసింది, ఆ చీరల ఫోటోలు తీసుకుని అల్మాస్‌గూడ పోయి రోజంతా చిన్నమ్మ మంచం పక్కన కూర్చుందట. చిన్నమ్మ ఫోనులో కాకతో అన్నది నేనే విన్నాను.

"ఆ పిల్ల పొద్దటి సంది నన్నే మాట్లాడనిచ్చింది. పెండ్లయి ముప్పై రెండేండ్లయింది, నువ్వు ఒక్కనాడన్న గట్ల కూసున్నవా?"

రెండో రోజు చీటీలు నా దగ్గరే ప్రింటు చేయించింది. ప్రతి చీరకూ ఒక చీటీ. ముందు వైపు పెద్ద అక్షరాలతో రంగు, అంచు, ధర. వెనక వైపు ఇంటి పేరు. ఆ ముప్పై ఎనిమిది చీరలను ఒళ్లు రంగును బట్టి, అందులో మళ్లీ అంచును బట్టి అరలో పేర్చింది. ఆ తర్వాత ఎదురుగా కూరలు అమ్మే అరుణమ్మను పిలిచింది. అరుణమ్మ ఆ కొట్టులో ఏనాడూ కాలు పెట్టలేదు.

"అమ్మా, ఇందులో బూడిద రంగు మీద ఎర్రంచు తీసివ్వగలరా?"

అరుణమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, చీటీలు చదువుకుంటూ పోయి, చీర తీసి ఇచ్చింది. నేను వాచీ చూశాను, నిమిషం కూడా కాలేదు. "మా ఇంట్ల పోపుల డబ్బ గూడ గింత సక్కగ లేదు" అని వెళ్లిపోయింది, అన్నం గంజు పొయ్యి మీద ఉందని.

కాక చీర చేతిలోకి తీసుకుని చీటీ వెనక్కి తిప్పాడు. కిష్టయ్య అని ఉంది. మళ్లీ ముందుకు తిప్పాడు. మళ్లీ వెనక్కి.

"అంచు సక్కగనే ఒచ్చిందమ్మా" అన్నాడు. అని, లోపల ఇంకో లెక్క వేసుకున్నాడు. బిందుమాధవి వెళ్లాక నాతో అన్నాడు, "తువ్వాల చూసినం గదరా. ఇగ చీర మనం నేస్కోలేమా? చీటీలే గద. రెండు నెలల కిరాయి ఎందుకు?"

మొదటిసారి కాక నాలాగా మాట్లాడాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడే మొదలుపెట్టాం. ఖాళీ చీటీల కట్ట నేను పట్టుకున్నాను, కాక చీర విప్పాడు.

"గిది ఆండాళమ్మ నేసింది. గప్పుడే ఆమె కోడలికి కాన్పయింది. ఎట్లున్నదో ఏమో." ఫోను తీశాడు. కోడలు, పిల్ల, పిల్లకు పెట్టిన పేరు, ఊళ్లో వానలు, అన్నీ అయ్యేసరికి ముప్పావుగంట. రెండో చీర విప్పాడు. దాని కొంగులో ఒక చోట నూలు తెగి ముడి పడింది. అది ఏ రోజు తెగిందో, ఆ రోజు ఆ ఇంట్లో ఏం వండారో కూడా కాకకు తెలుసు. ఆ రోజు పూర్తయ్యేసరికి మూడు చీరలు. నాలుగు రోజులకు పదకొండు. శ్రావణానికి పదహారు రోజులే ఉంది, చీరలు ఆరువందలు. డిగ్రీ లేకున్నా ఆ లెక్క నాకొచ్చు: మనవళ్ల కాలానికి అవుతుంది.

నాలుగో సాయంత్రం కాక నిచ్చెన మీద నుంచి దిగి కింది మెట్టు మీదే కూర్చున్నాడు.

"నాకు అందరు తెలుసురా రాజూ. గదే కష్టమైతున్నది. ఒక్కొక్క చీర పట్టుకుంటే ఒక్కొక్క ఇంట్లకు పోతున్న, బయటికి రాలేకపోతున్న. ఆ పిల్లకు ఎవ్వరు తెల్వదు. ఆమెనే చెయ్యాలె."

"మరి నేనో? నాకు గూడ ఎవ్వరు తెల్వదు గద?"

"నీకు చీరలు గూడ తెల్వదు."

ఫోను చేసి బిందుమాధవిని రమ్మన్నాడు. ఒకటే షరతు పెట్టాడు: చీటీ వెనక ఇంటి పేరు లేకుండా ఒక్క చీర కూడా ఉండకూడదు. ఆమె షరతు కూడా ఒకటే: పని పూర్తయ్యేదాకా కాక కొట్టులో చీర ముట్టొద్దు, ఊరికి ఫోను చేయొద్దు. పన్నెండు రోజులు కాక నా ఫ్లెక్సీ కొట్టులో కూర్చున్నాడు. ర్యాంకర్ల ఫోటోలు చూసి "గీ పిలగాడు ఎవరి కొడుకు?" అని అడుగుతూ నా పని చెడగొట్టాడు. చిన్నమ్మ చెబుతుంటే బిందుమాధవి రాసుకుంది, కొత్తగా పనికి చేరిన భావన అనే అమ్మాయి చీటీలు కట్టి, కొట్టంతా రంగును బట్టి పేర్చింది.

ఒక్క చోట ఆగారు. ఎరుపు అర దగ్గర.

"సత్తయ్యది, భిక్షపతిది పక్కపక్కకు ఒస్తున్నయమ్మా" అన్నాడు కాక, గుమ్మం బయటే నిలబడి.

"ఆ సంగతి గిరాకీకి తెలియదు కదండీ."

"సత్తయ్యకు తెలుసు గద."

"ఆయనకి నేను చెబుతానండీ."

కాక ఏమనుకున్నాడో, లోపలికి వచ్చి లుంగీల అర తనే ఖాళీ చేశాడు. ఆ సాయంత్రమే ఆమె సత్తయ్యకు ఫోను చేసి ఏం చెప్పిందో నాకు తెలియదు. గోడ పలచనే కానీ ఆమె నెమ్మదిగా మాట్లాడుతుంది.

శ్రావణం మొదటి గురువారం సత్తయ్య మూటతో వచ్చాడు. ఎరుపు అర ముందు నిలబడ్డాడు. తన చీర చీటీ వెనక్కి తిప్పి తన పేరు చూసుకున్నాడు. పక్క చీర చీటీ కూడా తిప్పాడు. తమ్ముడి చీర అంచు రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూశాడు.

"వీడింకా అంచు గింత గట్టిగనే గుంజుతుండా? చిన్నప్పటి సంది గంతే" అన్నాడు. తర్వాత, "ఏది ఎక్కువ పోతున్నది?"

"రెండు పోతున్నయ్" అన్నాడు కాక.

సత్తయ్య మూట విప్పాడు. అన్నదమ్ములు కలిసిపోయారని రాస్తే బాగుంటుంది, నాకూ రాయాలనే ఉంది. కానీ వాళ్లకు ఇప్పటికీ మాటల్లేవు. నేను కాకి విషయంలో తప్ప అబద్ధం చెప్పను.

ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికని కొట్టు నిండిపోయింది. తర్వాతి శుక్రవారమూ అంతే. గిరాకీ అడిగిన చీర అడిగినట్టు భావన తీసి ఇస్తోంది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళ్లి, తిని, తిరిగి వచ్చింది కూడా. మూడో వారంలో కాక కొట్టు యజమానిని కలిసి, కాగితం ఇంకో మూడేళ్లకు రాద్దామని చెప్పి వచ్చాడు. ప్రసన్న మిఠాయి డబ్బా తెచ్చింది. నాకు రెండు ముక్కలు ఇచ్చింది, ఒకటి చీటీల ప్రింటుకు, ఒకటి ఇంకే సలహా ఇవ్వకుండా ఉన్నందుకు.

ఆ రోజే సాయంత్రం కాక గల్లా దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెతకడానికి ఏమీ లేదు. ఫోను మోగింది. స్పీకర్‌లో చిన్నమ్మ గొంతు.

"ఏంది, నాలుగు దినాలైంది, ఏ ఇంట్లున్నదని ఒక్కపారన్న అడుగుతలేవు?"

"అంటే... గిరాకీ ఎక్కువున్నది వజ్రా."

"గట్లనా. మంచిదే. ఫోను పెట్టెయ్యాల్నా మరి?"

కాక చుట్టూ చూశాడు. ఎదురుగా బల్ల మీద ఎవరో చూసి వదిలేసిన నీలం చీర ఉంది. దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. చీటీ అతని వేళ్ల మధ్యనే ఉంది, వెనక వైపు తిరిగి, ఇంటి పేరు నాకు కూడా కనిపించేంత స్పష్టంగా.

"ఆగాగు. గీ నీలం చీరున్నది. కొంగుల చిలుకలున్నయ్. ఏ ఇంటిదే?"

"చిలుకలు ఎన్ని?" అంది చిన్నమ్మ వెంటనే.

కాక లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.